ఇంటి బండికి బ్రేకు ప్యాడు, డిస్కు ఎంచుకోవడం: ఒక లెక్కల పాఠం

 

మన ట్రస్టు స్కాలర్‌షిప్పు దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అని ఒక గడి ఉంటుంది. జవళగిరి, తళి, డెంకణికోట, అంచెట్టి వైపు నుంచి వచ్చే దరఖాస్తుల్లో ఆ గడిలో వ్యవసాయం అనే మాటతోపాటు తరచుగా కనిపించే మాట 'డ్రైవరు', లేదా 'సొంత బండి'. ఆ బండి మీద టమాటా, క్యాబేజీ, గులాబీ పూలు హోసూరుకో బెంగళూరుకో పోతాయి. తిరిగి వచ్చే బాడుగ డబ్బులోంచి బ్యాంకు కంతు, డీజిలు, ఇంటి ఖర్చు పోగా మిగిలినదే మీ కాలేజీ ఫీజు. అందువల్ల ఆ బండి బ్రేకులు సరిగ్గా ఉండడం మెకానిక్కు ఒక్కడి విషయం కాదు, మీ చదువు విషయం కూడా.

నేను కామర్సు చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. వాహన రుణాల కాగితాలు చాలా ఏళ్ళు చూశాను. బండి ఎందుకు ఆగిపోతుందో, కంతు ఎందుకు తప్పుతుందో కౌంటరు ఇవతల కూర్చుని విన్నాను. ఆ అనుభవంతోనూ, ఊళ్ళో మెకానిక్కుల దగ్గర అడిగి తెలుసుకున్న విషయాలతోనూ ఈ పాఠం రాస్తున్నాను. ఇందులో కొంత భౌతికశాస్త్రం, కొంత అకౌంటెన్సీ ఉన్నాయి. రెండూ మీ పుస్తకాల్లో ఉన్నవే.

1. మన దారి, మన లోడు

ప్యాడు కొనడానికి అంగడికి పోతే తెలిసిన మెకానిక్కు ముందు ధర చెప్పడు, ఒక ప్రశ్న అడుగుతాడు.

"ఏ ప్యాడు వేసేదన్నా?"

"అది తర్వాత చెప్తానప్పా. నువ్వు లోడు ఎంత ఎత్తుతావు, ఏ దారిన పోతావు, అది చెప్పు ముందు."

ఇదే సరైన పద్ధతి. ఒకే రకం బండి రెండు ఊళ్ళలో రెండు రకాలుగా అరుగుతుంది. హోసూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, కృష్ణగిరి సుమారు 500 మీటర్ల ఎత్తున. అంటే హోసూరు నుంచి కృష్ణగిరికి లోడుతో పోయే బండి 400 మీటర్లు కిందికి దిగుతుంది. డెంకణికోట నుంచి అంచెట్టి పోయేది కూడా అడవిలో మలుపులు తిరుగుతూ దిగే దారే. ఇంకా దక్షిణాన ధర్మపురి, సేలం మధ్య తొప్పూరు కనుమ ఉంది. అక్కడి దిగుడులో 2020 డిసెంబరులోనూ, 2024 జనవరిలోనూ లారీలు ముందు పోతున్న వాహనాలను ఢీకొని ప్రాణనష్టం జరిగిన సంగతి పత్రికల్లో మీరు చదివే ఉంటారు.

మన దారికి ఇంకొక ప్రత్యేకత ఉంది. చలికాలంలో బన్నేరుఘట్ట అడవి వైపు నుంచి ఏనుగుల గుంపులు జవళగిరి అడవిలోకి వస్తాయి. తెల్లవారుజామున పూల లోడుతో పోయే బండికి మలుపు తిరగగానే రోడ్డు మీద ఏనుగు కనిపించవచ్చు. అక్కడ హారను పనిచేయదు, బ్రేకే పనిచేయాలి.

2. బ్రేకు చేసే పని

బ్రేకు బండి వేగాన్ని మాయం చేయదు. ఆ శక్తిని వేడిగా మారుస్తుంది, అంతే. గతిశక్తి అంటే బరువులో సగాన్ని వేగంతో రెండుసార్లు గుణించగా వచ్చేది. ఇది మీరు తొమ్మిదో తరగతిలోనే చదివినది.

లోడుతో కలిపి 2,500 కిలోల బరువున్న ఒక చిన్న గూడ్సు బండిని తీసుకుందాం. గంటకు 30 కి.మీ. వేగంలో దాని గతిశక్తి సుమారు 87 వేల జౌల్స్. 60 కి.మీ. వేగంలో సుమారు 3 లక్షల 47 వేలు. 80 కి.మీ. వేగంలో సుమారు 6 లక్షల 17 వేలు. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు అవుతుంది. బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపు అవుతుంది. అధిక లోడు, అధిక వేగం రెండూ కలిస్తే ఏమవుతుందో మీరే గుణించి చూడండి.

ఈ శక్తి ఎక్కడికి పోతుంది? ఎక్కువ భాగం ముందు చక్రాల డిస్కుల్లోకి పోతుంది, ఎందుకంటే బ్రేకు తొక్కగానే బండి బరువు ముందుకు వాలుతుంది. 60 కి.మీ. వేగం నుంచి ఒకసారి ఆపితే వచ్చే వేడిలో 70 శాతం ముందు డిస్కులు తీసుకున్నాయని, ఒక్కొక్క డిస్కు 8 కిలోలని అనుకుందాం. ఒక కిలో ఇనుము ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 460 జౌల్స్ కావాలి. లెక్కవేస్తే ఒక్కసారి ఆపినందుకు డిస్కులు సుమారు 33 డిగ్రీలు వేడెక్కుతాయి. చల్లారే వ్యవధి లేకుండా పదిసార్లు ఆపితే 300 డిగ్రీలు దాటుతుంది.

దిగుడు దారిలో జరిగేది ఇదే. 2,500 కిలోల బండి 400 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 98 లక్షల జౌల్స్. అంటే 60 కి.మీ. వేగం నుంచి 28 సార్లు ఆపినంత. ఇందులో కొంత గాలి, టైర్లు, ఇంజను తీసుకుంటాయి. మిగిలినదంతా బ్రేకులే మోయాలి.

ప్యాడులోని పొడులన్నిటినీ పట్టి ఉంచేది రెసిన్ అనే జిగురు. బాగా వేడెక్కితే ఆ జిగురు విడిపోయి వాయువులు పుడతాయి. ప్యాడు డిస్కును పట్టుకోవడానికి బదులు జారుతుంది. కాలితో ఎంత తొక్కినా బండి ఆగదు. 'బ్రేకు పట్టలేదు' అని డ్రైవర్లు చెప్పే సందర్భాల్లో ఇదొకటి. విరిగినది ఏదీ ఉండదు. చల్లారాక చూస్తే బ్రేకు మళ్ళీ బాగానే ఉంటుంది. అందుకే ఇది మోసకారి జబ్బు.

3. ప్యాడు రకాలు

టాటా ఏస్, అశోక్ లేలాండ్ దోస్త్, మహీంద్రా బొలెరో పికప్ వంటి చిన్న గూడ్సు బండ్లకు ముందు చక్రాలకు డిస్కు, వెనుక చక్రాలకు డ్రమ్ము ఉంటాయి. 2005లో వచ్చిన టాటా ఏస్‌ను మనవాళ్ళు చిన్న ఏనుగు అంటారు. 2011లో వచ్చిన దోస్త్ మన హోసూరులోనే తయారైంది. ఈ బండ్ల ముందు చక్రాలకు వేసే ప్యాడ్లు స్థూలంగా మూడు రకాలు.

మొదటిది ఆర్గానిక్ రకం. నారలు, రబ్బరు, రెసిన్ కలిపి చేసినది. చప్పుడు తక్కువ, డిస్కును తక్కువ అరగదీస్తుంది, ధర తక్కువ. ఊళ్ళో తేలిక లోడుతో తిరిగే బండికి ఇది చాలు. ఎక్కువ వేడికి మాత్రం త్వరగా పట్టు తగ్గుతుంది.

రెండవది సెమీ మెటాలిక్ రకం. ఇందులో ఉక్కు నార, ఇనుప పొడి వంటి లోహం ఎక్కువ పాలు ఉంటుంది. వేడిని తట్టుకుంటుంది, నిండు లోడుతో దిగుడు దారిలో పోయే బండికి తగినది. దీనివల్ల డిస్కు కొంచెం ఎక్కువ అరుగుతుంది, చప్పుడు ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు మొదటి ఒకటి రెండు తొక్కులకు పట్టు కొంచెం తక్కువనిపించవచ్చు.

మూడవది సెరామిక్ రకం. ధూళి, చప్పుడు తక్కువ, ధర ఎక్కువ. ఇది ముఖ్యంగా కార్లను దృష్టిలో పెట్టుకుని వచ్చినది. ఖరీదైనది కాబట్టి లోడు బండికి మంచిదే అయి ఉంటుందనుకోవడం పొరపాటు.

ఇందులో ఏది తీసుకోవాలి? మొదటి సూత్రం, బండి తయారుచేసిన కంపెనీ ఏ రకం చెప్పిందో ఆ రకం. కంపెనీ ఇంజనీర్లు ఆ బండి బరువుకు, డిస్కు సైజుకు, వెనుక డ్రమ్ముకు సరిపోయేటట్లు ఎంచి పెట్టి ఉంటారు. ముందు పట్టు అతిగా పెంచినా తడి రోడ్డు మీద చక్రం పట్టేసి బండి జారవచ్చు. రెండవ సూత్రం, కంపెనీ ఒప్పుకున్న రకాల్లో మన దారికి, మన లోడుకు తగినది.

కొన్ని ప్యాడ్ల అంచు మీద సంఖ్యల పక్కన రెండు ఇంగ్లీషు అక్షరాలు అచ్చువేసి ఉంటాయి. మొదటి అక్షరం మామూలు వేడిలో ప్యాడు పట్టును, రెండవది ఎక్కువ వేడిలో పట్టును తెలుపుతుంది. 'ఇ' అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35 వరకు, 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45 వరకు, 'జి' అంటే 0.45 నుంచి 0.55 వరకు. 'ఎఫ్ ఇ' అని ఉంటే వేడెక్కినప్పుడు పట్టు తగ్గుతుందని అర్థం. 'ఎఫ్ ఎఫ్' అని ఉంటే వేడిలోనూ అదే స్థాయి నిలుస్తుందని అర్థం. ఈ అక్షరాలు పట్టును మాత్రమే చెబుతాయి. ప్యాడు ఎన్నాళ్ళు మన్నుతుందో చెప్పవు.

పెట్టె మీద 'ఆస్‌బెస్టాస్ లేనిది' అని ఉన్నదే తీసుకోండి. ఆస్‌బెస్టాస్ ధూళి ఊపిరితిత్తుల క్యాన్సరుకు కారణమవుతుంది. ఏ ప్యాడు ధూళినైనా నోటితో ఊదకూడదు, గాలి పైపుతో కొట్టకూడదు. తడి గుడ్డతో తుడవాలి. షెడ్డులో పనిచేసే మన పిల్లలకు ఈ మాట తప్పక చెప్పండి.

4. డిస్కు సంగతి

పుస్తకాల్లో రోటరు అంటారు, షెడ్డులో డిస్కు అంటారు. సాధారణంగా ఇది బూడిదరంగు పోత ఇనుముతో చేసినది. ప్యాడు ఎంత మంచిదైనా డిస్కు బాగుండకపోతే ఫలితం లేదు. ఈ రెండింటినీ ఎద్దుల జతలాగా చూడాలి. ఒకటి కుంటితే రెండవది ఒక్కటే బండి లాగలేదు.

డిస్కు మీద 'కనీస మందం' అని ఒక అంకె చెక్కి ఉంటుంది. అంతకంటే పలచబడితే మార్చవలసిందే. పలచని డిస్కులో ఇనుము తక్కువ, అందువల్ల త్వరగా వేడెక్కుతుంది, పగలవచ్చు. గీతలు పడినా, వంకరపోయినా లేత్ మీద పట్టించి సమం చేస్తారు. పట్టించిన తర్వాత కూడా కనీస మందం మిగలాలి. మిగలదని తేలితే లేత్ కూలి దండగ.

ఈ కింది గుర్తులు గమనించండి. బ్రేకు తొక్కినప్పుడు పెడలు, స్టీరింగు అదిరితే డిస్కు మందం సమంగా లేదని అనుమానించాలి. బండి ఒక పక్కకు లాగితే ఒక వైపు కాలిపర్ బిగిసి ఉండవచ్చు. డిస్కు మీద నీలి మచ్చలు కనిపిస్తే అది అతిగా వేడెక్కిందని అర్థం. అంచు దాకా సాగిన పగులు కనిపిస్తే ఆ బండి కదలకూడదు.

రంధ్రాలు చేసిన డిస్కులు, గాడులు తీసిన డిస్కులు చూడటానికి బాగుంటాయి. పందెం కార్లను చూసి కుర్రాళ్ళు వాటిమీద మోజుపడతారు. రోజూ లోడు ఎత్తే బండికి అవి అవసరం లేదు. రంధ్రాల దగ్గర పగుళ్ళు మొదలయ్యే ప్రమాదం కూడా ఉంది. కంపెనీ కొలతకు సరిపోయే మామూలు మంచి డిస్కే మేలు.

ప్యాడ్లయినా, డిస్కులయినా ముందు రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే బండి పక్కకు లాగుతుంది.

5. పెట్టె ధర కాదు, కిలోమీటరు ధర

ఇప్పుడు నా చదువుకు సంబంధించిన భాగం. ఈ కింది అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. మీ ఊరి ధరలు వేసి మీరు మళ్ళీ చేయండి.

చౌక ప్యాడు సెట్టు 900 రూపాయలు, బిగించిన కూలి 300, మొత్తం 1,200. అది 12,000 కి.మీ. వచ్చింది. అంటే కిలోమీటరుకు 10 పైసలు.

మంచి ప్యాడు సెట్టు 1,800 రూపాయలు, కూలి 300, మొత్తం 2,100. అది 30,000 కి.మీ. వచ్చింది. అంటే కిలోమీటరుకు 7 పైసలు.

60,000 కి.మీ. తిరిగేసరికి చౌక ప్యాడు 5 సెట్లు కావాలి, ఖర్చు 6,000. మంచి ప్యాడు 2 సెట్లు చాలు, ఖర్చు 4,200. ఇంతటితో లెక్క అయిపోలేదు. మార్చిన ప్రతిసారీ బండి ఒకరోజు షెడ్డులో ఉంటే ఆనాటి బాడుగ పోతుంది. రోజుకు ఖర్చులు పోను 1,000 రూపాయలు మిగులుతుందనుకుంటే మొదటి దానికి 5,000, రెండవ దానికి 2,000 నష్టం. మొత్తం చౌకదానికి 11,000, మంచిదానికి 6,200. నాసిరకం ప్యాడు గట్టి రేణువులతో డిస్కును గీసి, జత డిస్కులు 4,500 పెట్టి మార్చవలసి వస్తే చౌకదాని ఖర్చు 15,500 అవుతుంది. 900 రూపాయలు మిగిలాయనుకున్న చోట 9,300 పోయాయి.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. నేను బ్యాంకులో ఉన్న రోజుల్లో టమాటా లోడు వేసే ఒక రుణగ్రహీత వరుసగా రెండు కంతులు కట్టలేదు. పిలిచి అడిగితే సంగతి తెలిసింది. పేరు లేని పెట్టెలో వచ్చిన ప్యాడ్లు వేయించాడు. అవి డిస్కులు రెండింటినీ గీసేశాయి. సరిగ్గా టమాటాకు ధర ఉన్న వారాల్లో బండి షెడ్డులో నిలిచింది, లోడు ఇచ్చే మండీవాళ్ళు వేరే బండి పెట్టుకున్నారు. ఆ ఏడాది పెద్దకొడుకు పాలిటెక్నిక్ ఫీజుకు భార్య చెవి కమ్మలు కుదువపెట్టవలసి వచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది దేవుడి దయ. కానీ ఆ ఇంట్లో ఒక ప్యాడు పెట్టె ధర ఎంతవరకు పోయిందో చూడండి.

6. తరుగుదల లెక్క

కామర్సు విద్యార్థులకు స్థిర వాయిదాల తరుగుదల పద్ధతి తెలుసు. ఆస్తి విలువలోంచి తుక్కు విలువ తీసివేసి, మిగిలినదాన్ని జీవితకాలంతో భాగిస్తాం. ప్యాడు కూడా అలాంటి ఆస్తే. రూపాయలకు బదులు మిల్లీమీటర్లు, సంవత్సరాలకు బదులు కిలోమీటర్లు వేయండి.

కొత్త ప్యాడు మందం, వెనుక ఇనుప రేకు కాకుండా, 12 మి.మీ. అనుకుందాం. 3 మి.మీ. మిగిలినప్పుడు మార్చాలి. అంటే తుక్కు విలువ సున్న కాదు, 3. వాడుకోదగినది 9 మి.మీ. మాత్రమే. 10,000 కి.మీ. తిరిగాక కొలిస్తే 9 మి.మీ. ఉంది. 3 మి.మీ. అరిగింది. ఆ లెక్కన మొత్తం 30,000 కి.మీ. వస్తుంది, ఇంకా 20,000 మిగిలి ఉంది.

డిస్కుకు తుక్కు విలువ ఇంకా ఎక్కువ. కొత్త మందం 22 మి.మీ., కనీస మందం 20 అని చెక్కి ఉంటే, మనం కొన్నది 22 మి.మీ. ఇనుము కాదు, 2 మి.మీ. వాడకం. ఈ సంగతి తెలియకనే 'ఇంకా ఇంత మందం ఉందే' అని అరిగిన డిస్కుతో నడుపుతారు.

కాలిపర్‌లో లోపలి ప్యాడు, బయటి ప్యాడు ఒకేలా అరగకపోవచ్చు. ఎప్పుడూ ఎక్కువ అరిగినదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. దిగుడు దారి బాడుగలు పెరిగిన నెలలో అరుగుదల కూడా పెరుగుతుంది, అందువల్ల నెలకొకసారి చూడాలి. ఇంట్లో ఒక పాత నోటు పుస్తకం తీసి నాలుగు గీతలు గీయండి: తేదీ, కిలోమీటరు రీడింగు, ప్యాడు మందం, చేసిన ఖర్చు. తండ్రి చక్రం విప్పించినప్పుడు కొలిచి రాసే పని పిల్లలు తీసుకోండి. కొన్ని ప్యాడ్లకు అరుగుదల తెలిపే చిన్న రేకు ఉంటుంది, అది డిస్కుకు తగిలి కీచుమంటుంది. ఆ కీచు విన్నాక రేడియో సౌండు పెంచడం పరిష్కారం కాదు.

7. కొనేటప్పుడు

బండి మోడలు, తయారైన సంవత్సరం చెప్పి, పాత ప్యాడు చేతపట్టుకుని వెళ్ళండి. కొత్తదాని ఆకారం, రంధ్రాలు, మందం సరిచూడండి. పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, బ్యాచి సంఖ్య, గరిష్ఠ చిల్లర ధర ఉన్నాయో లేదో చూడండి. మన తమిళనాడులోనే బ్రేక్స్ ఇండియా, రాణే, సుందరం వంటి పాత సంస్థలు బ్రేకు సామాను తయారుచేస్తున్నాయి. పేరున్న సరుకుకే నకిలీ కూడా ఎక్కువ. అచ్చు మసకగా ఉన్నా, స్పెల్లింగు తప్పున్నా, ధర మరీ తక్కువైనా వద్దనండి.

బిల్లు తప్పక అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలకు జి.ఎస్.టి. 18 శాతం. 'బిల్లు లేకుండా తీసుకో, తగ్గిస్తాను' అనే మాటలో తగ్గేది పన్ను ఒక్కటే కాదు, మీ హక్కు కూడా. ప్యాడు పొరలుగా ఊడి వచ్చిననాడు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అడగడానికి మీ చేతిలో కాగితం ఉండాలి.

8. బిగించిన తర్వాత

కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది, దాన్ని పూర్తిగా తుడవాలి. కాలిపర్ జారే పిన్నులకు దానికి తగిన గ్రీజు పెట్టాలి. ప్యాడు ముఖానికి, డిస్కుకు మాత్రం గ్రీజు చుక్క కూడా తగలకూడదు. చక్రం బిగించాక బండి కదిలించే ముందే పెడలు గట్టిపడే దాకా నాలుగైదుసార్లు తొక్కాలి.

మొదటి 200, 300 కి.మీ. వరకు గట్టి బ్రేకులు వేయకుండా, నింపాదిగా వేగం తగ్గిస్తూ ప్యాడు, డిస్కు ఒకదానికొకటి ఒదిగేటట్లు చేయాలి. కొత్త ప్యాడ్లు వేసిన రోజే నిండు లోడుతో తొప్పూరు దిగడం మంచిది కాదు.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగదు, తేమ చేరాక 140 డిగ్రీలకే మరగవచ్చు. డాట్ 4 రకానికి ఈ అంకెలు 230, 155. మరిగితే పైపులో ఆవిరి బుడగలు చేరి పెడలు స్పాంజిలాగా లోపలికి పోతుంది. అందువల్ల మూత మీద రాసిన రకమే పోసి, రెండేళ్ళకొకసారి మార్చాలి. ఇంజను ఆయిలు పొరపాటున కూడా పోయకూడదు, రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి.

పెద్ద లారీలకు లెక్క వేరు. మన దారుల్లో తిరిగే పెద్ద లారీల్లో ఎక్కువ వాటికి గాలి బ్రేకులు, డ్రమ్ములు, లైనర్లు ఉంటాయి. అక్కడ రివెట్టు తల డ్రమ్ముకు తగలకముందే లైనరు మార్చాలి. స్లాక్ అడ్జస్టరు సరిచూడాలి. గాలి ట్యాంకులో చేరిన నీటిని రోజూ వదలాలి. సూత్రం మాత్రం ఒకటే: వేడి, మందం, జత.

9. దిగుడులో నడక

మంచి ప్యాడు కొన్నంత మాత్రాన సరిపోదు. దిగుడు మొదలవక ముందే గేరు తగ్గించి, ఇంజనే బండిని పట్టి ఉంచేటట్లు చేయాలి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఈనాటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే డీజిలు దాదాపు ఆగిపోతుంది, కాబట్టి న్యూట్రల్‌లో మిగిలేదేమీ లేదు. పోయేది ఇంజను పట్టు. ఇంజను ఆపేసి దిగితే ఇంకా ప్రమాదం, రెండు మూడు తొక్కులకే బూస్టరు బలం అయిపోయి పెడలు రాయిలా గట్టిపడుతుంది.

బ్రేకు తేడా ఎంతో మీటర్లలో చూడండి. 60 కి.మీ. వేగంలో, ఏనుగును చూసి కాలు పెడలు మీదికి వెళ్ళడానికి ఒక సెకను పడితే, మంచి బ్రేకులతో బండి సుమారు 45 మీటర్లలో ఆగుతుంది. పట్టు తగ్గిన బ్రేకులతో సుమారు 63 మీటర్లు. మధ్యలోని 18 మీటర్లు అంటే మూడు నాలుగు బండ్ల పొడవు. అదే మంచి బ్రేకులతో 40 కి.మీ. వేగంలో పోతే 23 మీటర్లు చాలు. అడవి దారిలో అన్నిటికంటే చౌకైన బ్రేకు తక్కువ వేగమే.

అధిక లోడు విషయం కూడా చెప్పాలి. 2019 మోటారు వాహన సవరణ చట్టం ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయలు, పైగా ప్రతి అదనపు టన్నుకు 2,000 జరిమానా. ఒక్కసారి పట్టుబడితే పది సెట్ల మంచి ప్యాడ్ల డబ్బు పోతుంది.

10. అభ్యాసం

ఒకటి: లోడుతో 1,500 కిలోల బండి 40 కి.మీ. వేగంలో పోతోంది. గతిశక్తి ఎంత?

రెండు: కొత్త ప్యాడు 10 మి.మీ., 8,000 కి.మీ. తర్వాత 8.4 మి.మీ. ఉంది. 3 మి.మీ. వద్ద మార్చాలి. ఇంకా ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?

మూడు: డిస్కు ఇప్పటి మందం 20.6 మి.మీ., కనీసం 20 మి.మీ. గీతలు పోవడానికి లేత్ మీద ఒక్కొక్క ముఖాన 0.4 మి.మీ. తీయాలి. పట్టించవచ్చునా?

జవాబులు: ఒకటి, సుమారు 92,600 జౌల్స్. రెండు, 27,000 కి.మీ. మూడు, వద్దు. రెండు ముఖాలా కలిసి 0.8 పోతే 19.8 మాత్రమే మిగులుతుంది.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. బండి లెక్క పిల్లలకు తెలియనివ్వండి. బాడుగ ఎంత, కంతు ఎంత, ప్యాడు ఎంత అని వాళ్ళు రాస్తే వాళ్ళకు లెక్క వస్తుంది, మీకు తోడు దొరుకుతుంది. విద్యార్థులకు ఒక మాట. ఈ ఆదివారం నాన్నగారి బండి ముందు చక్రం విప్పించినప్పుడు దగ్గర ఉండి, ప్యాడు మందం స్వయంగా కొలిచి, నోటు పుస్తకంలో మొదటి వరుస రాయండి. మార్కుల జాబితాలో ఈ లెక్కకు మార్కులు ఉండవు. కానీ రాత్రి లోడుతో వెళ్ళిన బండి తెల్లవారి క్షేమంగా ఇంటి ముందు ఆగడానికి ఈ లెక్క అవసరం.

అందరికీ శుభం కలుగుగాక.